కోడిపిల్లకు మామూలైనది చిలుకపిల్లకు మామూలు కాదు

నిరుడు వేసవిలో విజయనగరంలోని మా ఇంట్లో చిలుక జాతికి చెందిన కాక్‌టీల్ పక్షుల జంట ఐదు గుడ్లు పెడితే నాలుగు పిల్లలయ్యాయి. ఆఖర్న పుట్టిన రెండింటినీ పెద్దవి తొక్కేస్తున్నాయని, తల్లి సరిగా మేపడం లేదని అనిపించి, పదిరోజులు కూడా నిండకుండానే వాటిని బయటికి తీసి సిరంజితో మేపడం మొదలుపెట్టాం. ఒకరోజు చిన్నదాని రెట్ట కాస్త నీళ్లగా కనిపించింది. బరువు పెరుగుతూనే ఉంది, మేత అడుగుతూనే ఉంది. అయినా నాకు టెన్షన్. రాత్రంతా ట్రేలో ఉన్న కాగితం మీది రెట్టను పొద్దున్నే గీకి, ఒక డబ్బాలో వేసి ల్యాబ్‌కి పంపాను. మూడోరోజు రిపోర్టు వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క పేరు, ఈ.కోలి అనే బ్యాక్టీరియాది. దాని కింద ఏ మందుకు లొంగుతుందో చెప్పే పట్టిక.

తెలిసిన ఒక డాక్టరుకి ఆ కాగితం ఫొటో పంపితే ఫోన్‌లోనే మందు చెప్పారు. రెండు పిల్లలకీ వేశాం. నాలుగోరోజుకి చిన్నదాని మెడ కింద ఉండే మేత సంచి తెల్లారేసరికి ఖాళీ కావడం మానేసింది. నోరు తెరిచి చూస్తే లోపల విరిగిన పాల తరకల్లాంటి తెల్లటి పొర. ఆరోరోజు అది నా చేతిలోనే పోయింది.

ల్యాబ్ రాసిన పేరు తప్పు కాదు. ఆ రెట్టలో ఈ.కోలి ఉండే ఉంటుంది. ఏ పక్షిలో, ఒంట్లో ఏ చోట, ఎంత ఉంది, ఆ పిల్ల ఎలా ఉంది అని మాత్రం ఎవరూ అడగలేదు. ముందుగా అడగాల్సింది నేనే. ఆరోగ్యంగా ఉన్న పక్షి పిల్ల కడుపులో మామూలుగా ఏ సూక్ష్మజీవులు ఉంటాయో తెలియకుండా, రిపోర్టులో పేరు కనపడగానే జబ్బు అనుకున్నాను. ఈ ఏడాదిగా దాని గురించి దొరికినదంతా చదువుతున్నాను. మన దగ్గర కాక్‌టీళ్లు, బడ్జీలు, లవ్‌బర్డ్స్ పెంచేవాళ్లు పెరిగారు. నాలాగే ఇంకెవరో ఆ కాగితం పట్టుకుని మందుల షాపుకి పరిగెత్తకూడదని ఇది రాస్తున్నాను.

ముందు కోడిపిల్ల సంగతి చూద్దాం, అది మనందరికీ తెలిసిన పక్షి కాబట్టి.

మా అమ్మమ్మది టెక్కలి దగ్గర పల్లె. పొదుగుకొచ్చిన పెట్ట కింద గంపలో గడ్డి వేసి గుడ్లు పెట్టేది. ఇరవై ఒకటో రోజుకి గుడ్లు పగిలి పిల్లలు వచ్చేవి. అవి కాస్త ఆరగానే తల్లి వాటిని పెంటకుప్ప మీదికి తోలుకెళ్లి, కాళ్లతో గీరి, ముక్కుతో చూపించేది. ఆ మురికి తినేస్తున్నాయని చిన్నప్పుడు నేను పిల్లల్ని ఏరి అరుగు మీద పెడితే అమ్మమ్మ కసిరేది. "ఒరే బాబూ, తల్లి గీరిన మట్టి తినకపోతే పిల్లకి బలం ఏటి వస్తాదిరా?" అనేది.

గుడ్డు లోపల సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. పెంకుకి వేల సూక్ష్మరంధ్రాలు ఉన్నా, లోపలి పొరలూ తెల్లసొనలోని రసాయనాలూ బయటివాటిని అడ్డుకుంటాయి. అందుకని పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చేసరికి దాని పేగు ఇంచుమించు ఖాళీ ఇల్లు. మొదటి ముక్కు పోటుతోనే అందులోకి అద్దెకొచ్చేవాళ్లు మొదలవుతారు. పెంకు మీదివి, గడ్డిలోవి, తల్లి రెట్టలోవి, నీళ్లలోవి అన్నీ వస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే పేగులో కోట్లకు కోట్లు అవుతాయి.

ముందుగా దిగేవాటిలో ఈ.కోలి ఒకటి. ఇది ఆక్సిజన్ ఉన్నా బతుకుతుంది, లేకపోయినా బతుకుతుంది. కొత్త పేగులో మిగిలివున్న కాస్త ఆక్సిజన్‌ని ఇలాంటివే వాడేస్తాయి. ఆ తర్వాతే ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయే రకాలు వచ్చి స్థిరపడగలవు. కోడి పేగు చివర రెండు పొడుగాటి గుడ్డి సంచులు ఉంటాయి, కోడిని కోసినప్పుడు చూసే ఉంటారు. ఆ ఆక్సిజన్ పడని రకాల అసలు ఊరు అదే. ఎదిగిన కోడిలో ఆ సంచుల్లోని ఒక గ్రాము పదార్థంలో వెయ్యి కోట్లకు పైగా సూక్ష్మజీవులుంటాయి. పేగులో అరగని పీచును పులియబెట్టి, కోడికి పనికొచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. రోజులో అప్పుడప్పుడూ కోడి వేసే ముదురు గోధుమరంగు, జిగురు, ఘాటు వాసన రెట్ట ఆ సంచుల్లోంచి వచ్చిందే. దాన్ని చూసి విరేచనాలనుకుని కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి వారంలో ఎక్కువగా ఉన్న ఈ.కోలి ఆ తర్వాత తగ్గి, పెద్ద ఊళ్లో చిన్న వీధిలా మిగిలిపోతుంది. అంతేగానీ పూర్తిగా పోదు. అంటే ఆరోగ్యంగా ఉన్న కోడిపిల్ల రెట్ట పరీక్షిస్తే ఈ.కోలి రావడమే మామూలు.

అమ్మమ్మ మాటకి సైన్స్ ఇచ్చిన సాక్ష్యం ఫిన్లాండ్ నుంచి వచ్చింది. 1971లో అక్కడి బ్రాయిలర్ ఫారాల్లో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా పెద్దఎత్తున వ్యాపించింది. ఎస్కో నుర్మి, రంతాల అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిత్రమైన విషయం గమనించారు. ఎదిగిన కోళ్లకు ఆ సాల్మొనెల్లా అంత తేలిగ్గా పట్టడం లేదు. ఇంక్యుబేటర్‌లో పుట్టిన ఒకరోజు పిల్లలకు మాత్రం చిటికెడు తగిలినా చాలు. ఎదిగిన ఆరోగ్యమైన కోడి పేగులోని పదార్థాన్ని పలచగా చేసి, ఆ పిల్లలకు ముందే తాగించి, తర్వాత సాల్మొనెల్లా ఇచ్చి చూశారు. చాలావాటికి అంటలేదు. 1973లో నేచర్ పత్రికలో ఇది అచ్చయ్యింది. ఇల్లంతా అద్దెకున్నవాళ్లతో నిండిపోతే దొంగకి చోటుండదు, అంత సూటి విషయం. ఈనాడు చాలా దేశాల్లో కోళ్ల పరిశ్రమ దీన్నే మందులా వాడుతోంది.

మన పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరలో బుట్టల్లో రంగులద్దిన కోడిపిల్లల్ని అమ్ముతుంటే పిల్లలు మారాం చేసి కొనిపించుకుంటారు. వారం తిరక్కుండానే అవి వరసగా చనిపోతాయి. వెచ్చదనం లేకపోవడం దానికి పెద్ద కారణం. దానికి తోడు, అవి తల్లిని ఎన్నడూ చూడలేదు. ఏ సూక్ష్మజీవి ముందు తగిలితే దానికే ఆ ఖాళీ ఇల్లు.

ఇప్పుడు కాక్‌టీల్ పిల్ల సంగతి. ఇది కోడిపిల్లలా పుట్టగానే పరిగెత్తదు. కళ్లు మూసుకుని, నాలుగైదు గ్రాముల బరువుతో, పసుప్పచ్చ నూగుతో, తల కూడా నిలపలేని స్థితిలో పుడుతుంది. మట్టి గీరదు, ముక్కుతో పొడవదు. తల్లీ తండ్రీ తమ మేత సంచిలో నానబెట్టిన గింజల్ని కక్కి, ముక్కులో ముక్కు పెట్టి పోస్తారు. ఆ మేతతో పాటే వాళ్ల సూక్ష్మజీవులూ దిగుతాయి. కోడిపిల్లకి పెంటకుప్ప ఎలాగో దీనికి తల్లి నోరు అలాగ. పావురాలైతే ఇంకో మెట్టు పైన. మొదటి రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ మేత సంచి గోడల నుంచి ఊరే జున్నులాంటి పదార్థాన్నే పిల్లలకి పోస్తాయి.

పైగా చిలుక జాతి పక్షులకి కోడికున్న ఆ గుడ్డి సంచులే ఉండవు. పేగు పొట్టిగా ఉంటుంది, తిన్నది త్వరగా బయటికి పోతుంది. ఆక్సిజన్ పడనివాటికి కోడిలో దొరికినంత తీరికైన చోటు ఇక్కడ దొరకదు. కాబట్టి ఈ ఇంట్లో అద్దెకుండేవాళ్లు వేరే.

1884లో డెన్మార్క్‌కి చెందిన క్రిస్టియన్ గ్రామ్ బ్యాక్టీరియాకి రంగు పట్టించే ఒక పద్ధతి కనిపెట్టాడు. గాజు పలక మీద నమూనా పూసి, రంగు వేసి, కడిగి, మళ్లీ ఇంకో రంగు వేస్తారు. గోడ మందంగా ఉన్నవి ఊదా రంగులో మిగిలిపోతాయి, వాటిని గ్రామ్ పాజిటివ్ అంటారు. తక్కినవి గులాబీ రంగుకి తిరుగుతాయి, అవి గ్రామ్ నెగటివ్. ఈ.కోలి, సాల్మొనెల్లా, క్లెబ్సియెల్లా గులాబీ వైపువి. మనుషులు పెంచిన ఆరోగ్యమైన చిలుక జాతి పిల్లల నుంచి నమూనాలు తీసి పెంచి చూస్తే మళ్లీ మళ్లీ వచ్చేవి ఊదా రంగువే. లాక్టోబాసిల్లస్, కొరినీబాక్టీరియం, స్ట్రెప్టోకాకస్, మైక్రోకాకస్, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ రకాలు, బాసిల్లస్. గులాబీ రంగువి అక్కడక్కడా ఒకటీ అరా కనిపించినా ఫరవాలేదు. పలక నిండా అవే ఉంటే మాత్రం పక్షుల డాక్టరు ఆగి ఆలోచిస్తారు. కోడిపిల్లలో ఏమీ కాని ఈ.కోలి, కాక్‌టీల్ పిల్లలో ఎక్కువగా ఉంటే పట్టించుకోవాల్సిన విషయమే. అదే గద్ద లాంటి మాంసం తినే పక్షి పిల్లలో ఉంటే మళ్లీ మామూలే.

వీటిలో లాక్టోబాసిల్లస్ చేసే పని మన వంటింట్లో చూడొచ్చు. మనవైపు చోడిపిండి, అంటే రాగిపిండి, రాత్రి నీళ్లలో కలిపి ఉంచితే పొద్దుటికి సన్నటి పులుపు వాసన వస్తుంది. ఆ పులుపుతోనే అంబలి కాస్తాం. ఆ పులుపే పిండిని చెడగొట్టే సూక్ష్మజీవుల్ని దగ్గరకి రానివ్వదు. మెడ కింద ఉండే మేత సంచిలో జరిగేదీ అదే. దీన్నే డాక్టర్లు క్రాప్ అంటారు. కోడి మేత సంచిలోనైతే లాక్టోబాసిల్లస్‌లు లోపలి గోడకి పొరలా అతుక్కుని ఉంటాయి. వచ్చిన మేతని కాస్త పులియబెట్టి, లాక్టిక్ ఆమ్లం వదిలి, గులాబీ రంగువాటికి అక్కడ కాలు నిలవకుండా చేస్తాయి. చిలుక పిల్లలో సంఖ్య వేరైనా పని ఇలాంటిదే.

మేము వేసిన మందు ఈ.కోలిని చంపింది. పనిలో పనిగా ఆ పులుపు పుట్టించేవాటినీ దెబ్బతీసింది. మేత సంచిలో కొద్దిగా ఎప్పుడూ ఉండే కాండిడా అనే ఈస్టుకి ఈ మందు తగలదు. పొరుగువాళ్లు ఖాళీ చేసిన ఇల్లంతా దానిదయ్యింది. నేను చూసిన ఆ తెల్ల తరకలు అవే. యాంటీబయాటిక్ వేసిన చిలుక పిల్లల్లో ఇలా జరుగుతుందని పక్షుల డాక్టర్లకు తెలుసు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పిల్లని చూడకుండా మందు రాయరు. రాసినా మేత సంచిని రోజూ గమనించమంటారు.

నమూనా తీసిన తీరులోనూ తప్పు జరిగింది. ఎండాకాలపు ఉక్కలో రాత్రంతా కాగితం మీద ఉన్న రెట్టలో ఈ.కోలి లాంటివి గంటగంటకీ రెట్టింపులవుతూ పోతాయి. ట్రే అంచున ఉన్నవి, నా చేతివి కూడా కలిసివుంటాయి. అది పిల్ల కడుపు ఫొటో కాదు, ట్రే ఫొటో. శుభ్రమైన దూది పుల్లతో నేరుగా మేత సంచి నుంచో, రెట్ట ద్వారం నుంచో, లేదా అప్పుడే వేసిన తాజా రెట్ట నుంచో తీస్తేనే మాట్లాడుకోవడానికి ఏదైనా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ల్యాబ్ పళ్లెంలో ఈ.కోలి ఒక్కరోజులో కళ్లకు కనిపించేంత పెరుగుతుంది. లాక్టోబాసిల్లస్‌కి వేరే ఆహారం, ఎక్కువ సమయం కావాలి. ఆక్సిజన్ పడనివైతే మామూలు పళ్లెంలో అసలు లేవవు. మామూలు కల్చర్ రిపోర్టు చదివితే ఎవరు గట్టిగా అరిచారో తెలుస్తుంది, ఎంతమంది ఉన్నారో తెలియదు. అదే నమూనాకి గ్రామ్ రంగు కూడా వేసి చూపించమని అడిగితే ఊదా ఎంత, గులాబీ ఎంత అనేది అక్కడే కనిపిస్తుంది. ఖర్చు తక్కువ, అయ్యేది నిమిషాల పని. నేను అడగలేదు.

పళ్లెం మీద ఆధారపడకుండా నేరుగా డీఎన్ఏ చదివే పద్ధతులు వచ్చాక ఇంకో ఆశ్చర్యం బయటపడింది. న్యూజిలాండ్‌లో కాకాపో అనే చిలుక ఉంది. ఎగరలేదు, రాత్రిపూట తిరుగుతుంది, ప్రపంచంలో కొన్ని వందలే మిగిలాయి. వాటి రెట్టలో డీఎన్ఏ చదివితే ఆరోగ్యమైన పక్షుల్లోనే ఈ.కోలి, దాని దగ్గరి బంధువులు పెద్ద భాగంగా కనిపించాయి. "చిలుక కడుపులో గులాబీ ఉంటే జబ్బే" అనే సూత్రానికి చిలుకల్లోనే ఎదురు ఉదాహరణ ఇది. జాతి మారితే మామూలు కూడా మారుతుంది. ఒక పక్షికి రాసిన పట్టికని ఇంకో పక్షికి తగిలించలేం.

మా పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలోనే చూడండి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఏటా వానాకాలంలో నత్తగుల్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ పిల్లలు తినేది చెరువు నత్తలు. గింజలు తినే కాక్‌టీల్ పిల్ల పేగుకీ, బురద నత్తలు తినే కొంగ పిల్ల పేగుకీ ఒకే కొలబద్ద పెట్టడం కుదరదు.

చోటు మారినా అర్థం మారుతుంది. దీనికి నాకు కనిపించిన స్పష్టమైన ఉదాహరణ కోడిపిల్ల బొడ్డు. పొదిగే చివరి రోజుల్లో గుడ్డులో మిగిలిన పచ్చసొన సంచిని పిల్ల బొడ్డు గుండా తన పొట్టలోకి లాక్కుంటుంది. పుట్టాక రెండు మూడు రోజులు దాని మీదే బతకగలదు, అందుకే ఒకరోజు పిల్లల్ని మేత లేకుండా లారీల్లో పంపగలుగుతున్నారు. ఇంక్యుబేటర్లో తేమా వేడీ తేడా వచ్చి బొడ్డు సరిగా మూసుకోకపోతే, గుడ్ల మీది రెట్టలోంచి ఈ.కోలి ఆ సంచిలోకి పోతుంది. పచ్చసొన కన్నా మంచి మేత దానికి ఎక్కడ దొరుకుతుంది? పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా, ఎర్రగా, వాసన వేస్తూ పిల్ల మొదటి వారంలోనే పోతుంది. పేగులో ఉన్నంతసేపు అద్దెకున్న ఈ.కోలే ఆ పక్కనే ఉన్న సంచిలోకి వెళితే ప్రాణాంతకం.

ఇదంతా చదివి ఏ బ్యాక్టీరియా అయినా మామూలే అనుకుంటే మళ్లీ పొరపాటే. ఏ పిల్లలోనైనా సాల్మొనెల్లా కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చిలుకల్లో వచ్చే క్లమిడియా సిట్టసి అనే బ్యాక్టీరియా ఎప్పుడూ మామూలు కాదు, మనుషులకి కూడా అంటి న్యుమోనియా తెస్తుంది. పక్షులు పెంచేవాళ్లకి జ్వరం, పొడిదగ్గు వస్తే ఇంట్లో పక్షులున్నాయని డాక్టరుకి చెప్పి తీరాలి.

ఈ సూక్ష్మజీవులు చేసే ఇంకో పని నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. పక్షుల్లో రెట్ట ద్వారానికి పైన ఒక చిన్న సంచి ఉంటుంది, ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ పేరుతో బర్సా ఆఫ్ ఫాబ్రిసియస్ అంటారు. అది ఏం చేస్తుందో మూడు వందల ఏళ్ల పైగా ఎవరికీ తెలియలేదు. 1956లో బ్రూస్ గ్లిక్, తిమొతి చాంగ్ తదితరులు పౌల్ట్రీ సైన్స్ అనే పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. చిన్నప్పుడే ఆ సంచి తీసేసిన కోళ్లు జబ్బులతో పోరాడే యాంటీబాడీలు తయారు చేయలేకపోయాయి. మనుషుల రక్తపరీక్షల్లో రాసే బి కణాల్లోని "బి" అక్షరం ఈ బర్సా నుంచి వచ్చిందే. పిల్ల తన వెనక ద్వారం గుండా పేగులోని పదార్థాన్ని కొంచెం కొంచెంగా ఆ సంచిలోకి లాక్కుంటుంది. ఏ సూక్ష్మజీవులతో బతకాలో రోగనిరోధక వ్యవస్థకు అక్కడే పరిచయం జరుగుతుంది. ఆ వయసులో అనవసరంగా యాంటీబయాటిక్ వేస్తే చెదిరేది జీర్ణం ఒక్కటే కాదు, ఈ పరిచయం కూడా.

బరువు కోసం కోళ్ల మేతలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో పూర్తిగా ఆపింది. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ని మన దేశం 2019లో పశువులకూ కోళ్లకూ వాడకుండా నిషేధించింది. ఇంట్లో రెండు పక్షులున్నవాళ్లకి ఇది దూరపు విషయంలా అనిపించొచ్చు. మందుకి లొంగని ఈ.కోలి మా ట్రేలో తయారైతే ముందు అంటేది దాన్ని కడిగే మా చేతులకే.

చాలామంది అడిగేది పెరుగు గురించి. పిల్లకి పెరుగు నాకిస్తే మంచి బ్యాక్టీరియా పోతుంది కదా అంటారు. పెరుగులో ఉండేవి పాలకి అలవాటుపడ్డ రకాలు. పక్షి పేగుకి అతుక్కునేవి చాలావరకు ఆ పక్షికే ప్రత్యేకమైన రకాలు. పైగా పాలలోని లాక్టోజ్‌ని అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. చుక్క పెరుగుతో పిల్లకి ఏమీ కాదు, కానీ దానితో పేగు నిండుతుందని నేను నమ్మను. అంతకంటే ప్రమాదం, నోట్లో నమిలి పిల్లకి పెట్టడం. ప్రేమతోనే చేస్తారు, కానీ మన నోటి సూక్ష్మజీవులు పక్షి పిల్లకి మామూలువి కావు.

మిగిలిన రెండో పిల్ల బతికింది. మందు ఆపేశాం, డాక్టరు చూసి ఈస్టుకి మందు ఇచ్చారు. అప్పుడు గమనిస్తే, మేము పొద్దున కలిపిన మేతనే మధ్యాహ్నం వేడిచేసి పోస్తున్నాం. ఈ.కోలి పెరగడానికి ఆ గిన్నె చాలు. ఇప్పుడు కాచి చల్లార్చిన నీళ్లతో ప్రతిసారీ కొత్తగా కలుపుతున్నాం, మిగిలింది పారబోస్తున్నాం. సిరంజిని మరిగే నీళ్లలో వేసి తీస్తున్నాం. మేత 39, 40 డిగ్రీల దగ్గర ఉండేలా థర్మామీటరుతో చూస్తున్నాం. చల్లగా ఉంటే మేత సంచిలో నిలిచిపోతుంది, మరీ వేడైతే లోపల కాలుతుంది. పొద్దున్నే మొదటి మేతకి ముందు వంటింటి తూకం మీద పెట్టి గ్రాములు రాసుకుంటున్నాం. ఆ అంకె రోజూ పెరుగుతూ, మేత సంచి తెల్లారేసరికి ఖాళీ అవుతూ, రెట్టలో ముదురు ముద్ద, తెల్ల సున్నం, కొద్దిగా నీళ్లు విడివిడిగా కనిపిస్తుంటే నమూనా ఎక్కడికీ పంపడం లేదు.

ఈ ఏడు కాక్‌టీల్ జంట మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి పిల్లల్ని రెండున్నర వారాలు తల్లిదండ్రుల దగ్గరే ఉంచాం. మూడోది చిన్నగా ఉంటే గూట్లోంచి తీయకుండానే రోజుకి రెండుసార్లు పైమేత పోసి మళ్లీ లోపలే పెట్టాం. మిగిలిన మేత అంతా తల్లే ముక్కులో ముక్కు పెట్టి పోసింది.